ఒకవైపే కడిగిన కాసు

పాత వెండి రూపాయిని ఎవరైనా కడిగారో లేదో తేల్చడానికి మామూలుగా నాకు పది నిమిషాలు చాలు. ఆ కాసుకు మాత్రం మూడు రోజులు తీసుకున్నాను. నేను చెప్పబోయే జవాబును బట్టే మా మేనత్త ఆపరేషన్‌కు ఒప్పుకోవడమో మానడమో ఉంటుందని ఇంట్లో అందరికీ తెలుసు.

మేనత్త చిత్తూరులో ఉంటుంది. ఆమె గుండెలో కవాటం ఒకటి పాడైందని, మార్చక తప్పదని తిరుపతిలో డాక్టర్లు చెప్పి తేదీ కూడా ఇచ్చారు. ఆమె రానంది. కత్తికి భయపడే మనిషి కాదు. తన ఇంటి కాసు తిరిగి ఇంటికి చేరేదాకా ఎవరి ముందూ వెల్లకిలా పడుకోనని పట్టుబట్టింది.

ఆ కాసు సంగతి ముందు చెప్పాలి. అత్త మెట్టినింట్లో దేవుడి పెట్టె అడుగున, ఎర్రగుడ్డలో చుట్టిన వెండి రూపాయి ఒకటి ఉండేది. ఒకవైపు రాజు తల, రెండోవైపు పూలతీగ మధ్య అక్షరాలు. ఏటా వరలక్ష్మీ వ్రతం ముందురోజు దాన్ని చింతపండుతో రెండువైపులా తోమి, విబూదితో మెరుగుపెట్టి కలశం ముందు ఉంచేవాళ్ళు. ఇంట్లో ఎవరైనా పోతే అదే రూపాయిని గంధంతో శవం నుదుట అతికించేవాళ్ళు. పూలవైపు చర్మానికి, రాజు ముఖం ఆకాశానికి. కాటికి చేరేముందు పాడెను కిందికి దించి, పోయినవాళ్ళ చెవిలో మూడుసార్లు పేరు పెట్టి పిలిచే చోట, ఆ ఇంటి ఇల్లాలి అన్నో తమ్ముడో వంగి ఆ కాసును తీసుకోవాలి. తీసేటప్పుడు మాట్లాడకూడదు. తీశాక, మూడో రోజు పాలుపోసి వచ్చేదాకా, దాని ఊసు ఎవరూ ఎత్తకూడదు. ఆ రోజు కడిగి మళ్ళీ పెట్టెలో పెడతారు. ఆ ఇంట్లో పోయినవాళ్ళందరి నుదుళ్ళ మీదా ఆ ఒక్క రూపాయే కూర్చుని లేచింది.

పోయిన ఏడాది మామ పోయినప్పుడు కాసు తీయవలసినవాడు మా నాయన. ఆ రోజు తుఫాను వాన. గొడుగుల కింద పాడె దించారు. నాయన వంగి చూస్తే మామ నుదుట గంధం మరక గుండ్రంగా ఉంది, కాసు లేదు. వానకు జారిపోతుందేమోనని మామ తమ్ముడు ఇంటి దగ్గరే తీసి దాచి ఉంటాడనుకున్నాడు. అడగడానికి వీల్లేదు, అడిగితే ఆచారం తప్పుతుంది. మామ తమ్ముడేమో నాయన తీశాడనే అనుకున్నాడు. అతనూ అడగలేదు. మూడో రోజు ఇద్దరూ తెరిచిన పెట్టె ముందు కూర్చుని ఒకరి చేతుల వైపు ఒకరు చూసుకున్నారు. కాటి బూడిదను జల్లెడ పట్టినా ఏమీ దొరకలేదు.

ప్రశ్నను నిషేధించే ఏ నియమమైనా ఒకనాటికి కీడే చేస్తుందని కాలేజీ చర్చావేదికల మీద చాలాసార్లు వాదించాను, బహుమతులు కూడా తెచ్చుకున్నాను. దానికి మా ఇంట్లోనే ఉదాహరణ దొరికినప్పుడు ఆ వాదం నా నోట రాలేదు. నాయన అప్పట్లో అన్నం ముందు కూర్చుని, కలిపిన ముద్ద అలాగే వదిలి లేచిపోయేవాడు.

కాసును వెంట తీసుకుపోయినవాడు, దాన్ని తిరిగి ఇవ్వడానికి ఇంటి మనిషిని ఒకరిని పిలుచుకుంటాడని అత్త నమ్మకం. అలాంటిదేమీ ఉండదని నేను నచ్చజెప్పబోయాను.

"నువ్వు శానా సదువుకున్నావు, నువ్వే సెప్పుమే," అంది. "ఆడ నన్ను బల్ల మీద పడుకోబెడతారు. కండ్లు మూస్తారు. గుడ్డ కప్పుతారు. తలకాడ దీపం పెడతారు. సుట్టూ నిలబడతారు. మీ మామకు తేడా యాడ తెలుస్తాది?"

ఆపరేషన్ గదిని ఆ వైపు నుంచి నేనెప్పుడూ చూడలేదు. 

పాత కాసులు సేకరించడం నాకు కాలేజీ రోజుల్లో పట్టుకున్న పిచ్చి. రెండుమూడుసార్లు మోసపోయి, ఆ మోసాల వల్లే చూడడం నేర్చుకున్నాను. అందువల్ల, ఆ వానలో దారిన పడి ఎవరికో దొరికి ఉంటే అమ్మకానికి వస్తుందన్న ఆశతో, కాసును వెతికే పని నా మీద పెట్టారు. అత్త చెప్పగలిగిన ఆనవాలు ఒక్కటే: రాజు చెవి కింద ఆవగింజంత గుంట. వెండి మంచిదో కాదో చూడడానికి పూర్వం షరాబులు అలా ఉలితో పొడిచేవాళ్ళు, చాలా కాసుల మీద ఉంటుంది. ఏ సంవత్సరపు కాసో ఇంట్లో ఎవరికీ తెలియదు. దేవుడి పెట్టెలోని వస్తువు మీద తేదీ ఉందని ఎవరికీ తోచలేదు.

వారాల తరబడి ఫోన్లో ఫొటోలు తిరగేశాక, చెవి కింద గుంట ఉన్న రూపాయి ఒకటి కనిపించింది. అమ్మే ఆయనది గూడూరు. ఫొటోలు ఎండలో తీసినవి. ఒకవైపు నల్లగా, ఒకవైపు తెల్లగా ఉంది. వెలుతురు తేడా అనుకుని ఫోన్ చేశాను.

"దీన్ని కడిగినారా?"

"లేదు మేడం. వచ్చింది వచ్చినట్టే ఉండాది."

"చింతపండు, సోడా, పేస్టు, ఏదీ పెట్టలేదా?"

"నా పండ్లకే నేను సరిగ్గా పేస్టు పెట్టను మేడం, కాసుకు పెడతానా?"

"యాడ నుంచి వచ్చింది మీకు?"

"పాత వెండి మూటగా కొంటాం. ఆపక్క తడ దాకా పోతాం, ఈపక్క చిత్తూరు దాకా వస్తాం. ఏ మూటలో ఏముండిందో ఎవరికి గుర్తుంటాది?" అన్నాడు. "ఒక మాట సెప్తా, మళ్ళ నన్ను తిట్టొద్దు. మీకన్నా ముందు ఇద్దరు కొన్నారు. ఇద్దరూ వాపసు పంపినారు."

"ఎందుకు? వెండి కాదా?"

"వెండికేం, సొక్కమైన వెండి. ఒకాయన కారణమే రాయలేదు. ఇంకొకామె ఫోన్ చేసి, ఇంట్లో పెట్టుకున్నప్పటి నుంచి తలనొప్పి అనింది. తలంతా కాదంట. నుదుట్లో, ఒక్క చోటే."

తలనొప్పికి కాసే కారణమని తేలాలంటే చాలా రుజువులు కావాలి. ఆయనకు ఆ మాటే చెప్పి, కాసు పంపమన్నాను.

మాది తిరుచానూరు. ఎదురుగా లాడ్జి, దాని పిట్టగోడ మీద యాత్రికులు ఆరేసిన తడి పంచెలు. ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ మా మేడ మీద కూర్చుని పొట్లం విప్పాను. రాజు ముఖం పైకి ఉంది.

వెండిని ముట్టకుండా వదిలేస్తే గాలే దానికి రంగు వేస్తుంది. ముందు పసుపు, తర్వాత గోధుమ, ఆ తర్వాత నీలం, చివరికి నలుపు. ఆ రంగులు ఒకదానిలోకి ఒకటి కరిగిపోయి ఉంటాయి, ఎక్కడ మొదలై ఎక్కడ ముగిశాయో గీత గీసి చూపలేము. ముట్టని కాసును వేళ్ళ మధ్య పట్టుకుని మెల్లగా వంచితే వెలుగు దాని మీద గుండ్రంగా తిరుగుతుంది. తోమిన కాసు మీద వెలుగు తిరగదు. ఒక్కసారిగా మెరుస్తుంది, ఒక్కసారిగా ఆరిపోతుంది.

రాజు వైపు వెలుగు తిరిగింది. అంచున నీలం, మెడ దగ్గర గోధుమ, చెంప మీద పలచని పసుపు. అక్షరాల మూలల్లో గట్టిపడిన నలుపు. ఆ వైపు తోమి ఒక మనిషి వయసంత కాలమైనా అయి ఉంటుంది.

కాసు తిప్పాను. రెండోవైపు సున్నం కొట్టిన గోడలా ఉంది. భూతద్దంలో సన్నని గీతలు, వందల కొద్దీ, ఒకదాన్నొకటి కోసుకుంటూ. ముతక గుడ్డతో, బలంగా, తొందరతొందరగా రుద్దిన గీతలు. పూల కాడల సందుల్లోని నలుపును కూడా సూదిలాంటి దానితో గీకి తీశారు. ఒక పూరేకు మొదట్లో మాత్రం చెయ్యి అందని చోట పసుప్పచ్చని రవ్వ మిగిలింది. తడి దూది అంటించి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. గంధం.

అమ్మడానికి కాసును కడిగేవాళ్ళు ముందు బొమ్మవైపు కడుగుతారు, ఎందుకంటే కొనేవాడు చూసేది బొమ్మనే. బొమ్మను వదిలి, వెనకవైపు ఒక్కటే ఇంతగా రుద్దినవాళ్ళకు కాసు మెరవాలన్న కోరిక లేదు. ఆ వైపు అంటినదేదో పోవాలని వాళ్ళు రుద్దారు.

నా తీర్పు మొదటి గంటలోనే తేలిపోయింది. అత్త ఇంటి కాసును ఏటా రెండువైపులా తోమేవాళ్ళు. ఒక్క ఏడాదిలో రాజు వైపు ఇంత రంగు ఎక్కదు. నిప్పులో పడిన జాడ కూడా లేదు. ఇది మనది కాదు. ఇంకెవరి నుదుటి మీదో ఉండిన కాసు.

మిగిలిన సమయమంతా నా తీర్పు తప్పని నిరూపించుకోవడానికి వాడాను. గంధకం పొగ పెట్టి ఒక్కరోజులో నలుపు తెప్పించేవాళ్ళుంటారు. ఆ నలుపు అట్టకట్టినట్టు ఉంటుంది, గోరు తగిలితే రేగుతుంది. దీనిది రేగలేదు. ఉదయం ఎండలో, మధ్యాహ్నం నీడలో, సాయంత్రం కిటికీ దగ్గర చూశాను. ప్రతిసారీ అదే జవాబు. రెండో రోజుకు, నాకు తెలియకుండానే ఎడమ చేత్తో కనుబొమల నడుమ నొక్కుకుంటున్నానని గమనించాను. గంటల కొద్దీ భూతద్దంలో చూస్తే అక్కడ నొప్పి పుట్టడం సహజమే. కాసు వివరాలు రాసుకునే పుస్తకంలో ఆ వాక్యం కూడా రాసి పెట్టుకున్నాను.

నాయన మేడ మీదికి రాలేదు. మెట్ల సగంలో నిలబడి అడిగాడు.

"గంధం యాడన్నా ఉండాదా పాపా?"

"ఉంది నాయనా."

"ఏ పక్క?"

"పూల పక్క."

ఆయన ముఖం తేటపడింది. ఏడాదిగా చూడని తేట అది.

"అట్లయితే మనదే."

"ఆ ఆచారం మనకొక్కరికే ఉందని ఎవరు చెప్పినారు నాయనా?"

ఆయన గోడ పట్టుకుని మెట్లు దిగి వెళ్ళాడు. ఆ మాట ఇంకొంచెం ఆలస్యంగా చెప్పి ఉండవచ్చు.

మూడో రోజు బావ వచ్చాడు. అత్త కొడుకు, చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో పని. ఆసుపత్రిలో తేదీ మార్చవద్దని బతిమాలుకుని నేరుగా మా ఇంటికి వచ్చాడు.

"ఏమ్మే జడ్జమ్మా, తీర్పు వచ్చిందా?"

చెప్పాను. రాజు వైపు, పూల వైపు అన్నీ చూపించాను. అతను కాసు వైపు సరిగ్గా చూడనే లేదు.

"ఇంతేనా? రాజు పక్క గూడా రొంత చింతపండు పెట్టి తోమితే అయిపాయె. రెండు పక్కలా తెల్లగుంటాది, చెవి కింద గుంట ఉండనే ఉండాది. అమ్మ మనదే అంటాది, గమ్మున ఆసుపత్రికి వస్తాది. ఎవరికి నష్టం?"

"అబద్ధం కదా బావా."

"మా అమ్మ ప్రాణం కన్నా పెద్దదా నీ నిజం? కాలేజీలో గెలిచినావు, కప్పులిచ్చినారు. ఈడ ఎవరూ కప్పులియ్యరు."

అతను వెళ్ళాక, దాచకుండా చెప్పాలంటే, నేను వంటింట్లోకి పోయి గోళీ అంత చింతపండు నానబెట్టాను. అత్త బతకడం ముఖ్యమన్న వాదానికి నా దగ్గర ప్రతివాదం లేదు. కాసును ఎడమ అరచేతిలో పెట్టుకుని, తడి బొటనవేలు రాజు చెంప మీద ఆనించాను. కింద అరచేతికి పూలవైపు గరుకు తగిలింది. ఆ గీతలు గీసిన మనిషి కూడా ఇలాగే ఒక తొట్టి దగ్గర, ఎవరూ లోపలికి రాకముందే పని ముగించాలని, వెనక్కి వెనక్కి చూసుకుంటూ నిలబడి ఉంటారని తోచింది. నేనూ అప్పటికి రెండుసార్లు గుమ్మం వైపు చూశాను. చింతపండు పారబోసి, కాసు తుడవకుండా పొట్లంలో పెట్టేశాను.

మరునాడు చిత్తూరు బస్సెక్కాను.

అత్త మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉంది. పడుకుంటే ఊపిరి ఆడదు. బావ తలుపు దగ్గర నిలబడి, చెప్పేయమన్నట్టు నాకు కళ్ళతో సైగ చేస్తున్నాడు.

"ఏమ్మే కోడలా, తెచ్చినావా?"

ఆమె కాసును వట్టి చేత్తో అందుకోలేదు. కొంగు పరిచి, అందులో వెయ్యమంది.

"అత్తా, ఇది మనది కాదు."

బావ గోడ వైపు తిరిగాడు. అత్త కాసు మీంచి చూపు తీయకుండా, ఎట్లా తెలుసని అడిగింది. రంగుల సంగతి, గీతల సంగతి, గంధం సంగతి అన్నీ చెప్పాను. నేను మాట్లాడిన ఏ సభలోనూ అంత శ్రద్ధగా విన్నవాళ్ళు లేరు.

"నుదుటికి తగిలిన పక్క ఒగటే కడిగినారా?"

"ఆ ఒక్కటే."

"అట్లయితే దొంగ కాదుమే. దొంగైతే మెరిసేటట్టు రెండు పక్కలా కడుగుతాడు. ఇది ఇంట్లోవాళ్ళే తీసిండారు." కొంగును దూరంగా పట్టుకుంది. "మనదే అని సెప్పమని వీడు సెప్పలేదా నీకు?"

"సెప్పినాడు."

"అమ్మా, నేనేమన్నా..." అన్నాడు బావ గోడతోనే.

"నువ్వు గమ్మునుండు. మీ నాయనకు గూడా అబద్ధం సెప్పేది సేతగాదు, నీకు యాడ నుంచి వస్తాది?" మళ్ళీ నా వైపు తిరిగింది. "సరే. ఇంగొకటి అడుగుతా. దీనికీ ఇట్లనే సెప్పల్ల. కోయించుకుంటే నేను లేస్తానా?"

"లేస్తావనే డాక్టర్లు అంటాండారు. ఖాయమని నేను సెప్పలేనత్తా. కోయించుకోకపోతే మాత్రం శానా రోజులు ఉండవు. అది ఖాయం."

బావ తల పట్టుకున్నాడు. అత్త మాత్రం దిండ్లకు ఇంకొంచెం ఆనుకుని, ఏదో బరువు దించినట్టు ఊపిరి వదిలింది.

"ఇన్ని దినాలుగా అందరూ ఏమీ కాదు, ఏమీ కాదు అంటాండారు. ఏమీ కాకపోతే కోసేదేంటికి? అందుకే నమ్మలే." కొడుకుతో అంది: "కారు మాట్లాడు పో. బస్సులో ఎగరలేను." తర్వాత కొంగులోని కాసును నా పొట్లంలోకి జార్చింది. "దీన్ని పంపించేయ్. యాడ నుంచి వచ్చిందో ఆడికి. ఈ ఇంట్లో పెట్టొద్దు, ఆసుపత్రికి తేవద్దు."

పంపేస్తానని మాట ఇచ్చాను. ఆ తర్వాతి రోజులన్నీ రక్తపరీక్షలకు, సంతకాలకు, చీటీలకు సరిపోయాయి. పొట్లం నా చేతిసంచీ లోపలి అరలోనే ఉండిపోయింది. మరిచిపోయానని చెప్పలేను. రోజూ తాళాలు తీసేటప్పుడు చేతికి తగిలేది. రేపు పంపుదామనుకునేదాన్ని.

ఆపరేషన్ జరిగింది. బయట వరండాలో నాయన, బావ, నేను ఒకే బెంచీ మీద కూర్చున్నాము. ఎవరమూ మాట్లాడలేదు. మాట్లాడవద్దని ఎవరూ చెప్పకపోయినా మాట్లాడలేదు. మధ్యాహ్నానికి డాక్టరు బయటికి వచ్చి, కవాటం బాగా కూర్చుందని, గుండె దానంతటది కొట్టుకుంటోందని చెప్పాడు. నాయన లేచి నిలబడి, ఏం చేయాలో తెలియక, మళ్ళీ కూర్చున్నాడు.

రెండు రోజుల తర్వాత పగటిపూట ఒకరిని లోపలికి పంపారు. నేను వెళ్ళాను. తెల్లని వెలుతురు, నీడ పడని గది. అత్త పెదవులు ఎండిపోయి ఉన్నాయి గాని చూపు తేటగా ఉంది. నీళ్ళు తాగించాను. బావ తిన్నాడా అని అడిగింది. మందుబిల్లలు మింగలేకపోతున్నానంది. ఆ తర్వాత, ఊర్లో సంగతి చెప్పినట్టే చెప్పింది:

"ఆ పొద్దు లోపల ఒగామె వచ్చింది."

"నర్సా?"

"నర్సులు పచ్చగుడ్డలు కట్టుకోనుండారు. ఈమె తల తడిసి ఉండాది. నా నుదురు తడిమి సూసింది. నీకాడ లేదు కదా, మరి ఎవరికాడ ఉండాది అనింది."

"మామ కనిపించినాడా?"

"మీ మామ రాలే. ఆయన బతికుండినప్పుడే ఆసుపత్రికి రాలే, ఇప్పుడొస్తాడా?" నవ్వబోయి, గుండె మీది కుట్లు నొప్పెట్టి ఆగింది. "ఆమెను నేనెప్పుడూ సూళ్ళేదు. మనోళ్ళు కాదు."

మత్తుమందు ఇచ్చినవాళ్ళకు ఇలాంటివి కనిపిస్తాయని నాకు తెలుసు. ఆ కాసు ఇంకొకరి నుదుటిదని ఆమెకు చెప్పినదాన్ని కూడా నేనే. చెప్పిన మాటే కలగా తిరిగి వచ్చి ఉంటుంది. ఈ వరసలో పెట్టుకుంటే అంతా సరిపోతుంది.

"దాన్ని పంపించేసినావు కదా?" అంది.

అవునని ఒక్క మాట అంటే చాలు. ఆమె నిద్రపోయేది, నేను బయటికి పోయి అదే రోజు నిజంగానే పంపేసేదాన్ని.

"లేదత్తా. నా సంచీలోనే ఉండాది."

అత్తకు కోపం రాలేదు. నా భుజం మీదుగా, మూసి ఉన్న తలుపు వైపు చూసింది. చూసి, గొంతు తగ్గించింది.

"అట్లయితే ఇచ్చేయ్మే. ఆమె ఇంకా పోలేదు."

నేను వెనక్కి తిరగలేదు. సంచీని ఒళ్ళోకి తీసుకుని జిప్పు తెరిచాను.